తుపాకీ తప్ప అందరిదీ తప్పే!

కాల్పులు జరిగాయి. అందరూ డ్యూటీ ఎక్కేశారు. గవర్నరుగారు ప్రార్థనలో ఉన్నారు. సెనేటరుగారు బడికి ఎన్ని తలుపులున్నాయో లెక్కపెడుతున్నారు. టీవీ వాళ్లు హెలికాప్టర్ ఎక్కారు. ఫ్రిస్కోలో మనవాళ్లు ‘మేమంతా సేఫ్’ అని వాట్సాప్‌లో పెట్టేశారు. ఇక్కడ గుంటూరులో అమ్మ ఫోను చెవికి ఆనించుకుని ‘జాగ్రత్త నాన్నా’ అంటోంది. తుపాకీ ఒక్కటే ఖాళీగా ఉంది. దాని డ్యూటీ అప్పటికే అయిపోయింది మరి!

2023 మే 6, శనివారం మధ్యాహ్నం. టెక్సాస్‌లో డాలస్ పక్కన అలెన్. అక్కడి ఔట్‌లెట్ మాల్ మనవాళ్లకు కొత్తేమీ కాదు. ఇండియా ప్రయాణం పెట్టుకున్నారంటే సగం సూట్‌కేసు అలాంటి చోట్లే నిండుతుంది. మేనత్తకు పర్సు, బాబాయికి బెల్టు, పిల్లలకు బూట్లు. ఆ మధ్యాహ్నం ఒకడు కారు దిగి కాల్చడం మొదలుపెట్టాడు. 8 మంది పోయారు. వాళ్లలో ముగ్గురు పసిపిల్లలు. హైదరాబాద్ నుంచి వెళ్లి ఉద్యోగం చేసుకుంటున్న మన అమ్మాయి ఒకరు. వేరే పనిమీద మాల్‌కు వచ్చిన ఒక పోలీసు అటు పరిగెత్తి వాణ్ని కాల్చాడు కాబట్టి లెక్క అక్కడ ఆగింది.

ఆ రోజు దాకా మనవాళ్ల దగ్గర ఒక సూత్రం ఉండేది. కాల్పులంటే ‘ఏరియా బాగోని’ చోట జరుగుతాయని. ఏరియా బాగోకపోవడమంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పరు. గొంతు తగ్గించి, కనుబొమ్మలతో చెబుతారు. చర్మం రంగు మాట పైకి అంటే మర్యాద పోదూ! అందుకని స్కూలు రేటింగు పదికి పది ఉందా, గుడి దగ్గరా, ఇండియన్ స్టోరు ఎంత దూరం అని చూసుకున్నారు. ఇల్లు తూర్పు ముఖమా కాదా అని కూడా చూసుకున్నారు. అలెన్ సరిగ్గా అలాంటి ఊరే. వాస్తు కుదిరింది. ఆ రాష్ట్రంలో తుపాకీ చట్టం ఎటు ముఖం పెట్టుకుని ఉందో ఎవరు చూశారు?

చూస్తే ఏం కనిపించేదో తెలుసా? అలెన్‌లో కాల్చినవాడు నాజీ భక్తుడు. ఒంటిమీద స్వస్తిక పచ్చబొట్టు. 2008లో సైన్యం వాణ్ని శిక్షణలో ఉండగానే, మనసు బాగాలేదని ఇంటికి పంపేసింది. సైన్యానికి పనికిరానివాడు తుపాకుల కొట్టుకు మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చాడు. మాల్‌కు 8 తుపాకులు వెంట తెచ్చుకున్నాడు. అన్నీ చట్టప్రకారం కొన్నవే. రసీదులు సక్రమం. శవాలే అక్రమం.

సరే, ఇక ప్రార్థనల సంగతి. అలెన్ ప్రాంతం నుంచి అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లిన కీత్ సెల్ఫ్‌ను టీవీ యాంకర్ అడిగింది, ప్రార్థనలు ఒక్కటే చాలవంటున్నారు కదా అని. అలా అనేవాళ్లకు సర్వశక్తిమంతుడైన దేవుడి మీద నమ్మకం లేదని ఆయన తేల్చేశారు. శభాష్! అయితే అయ్యా, ఒక చిన్న సందేహం. 2017 నవంబరు 5, ఆదివారం. మీ టెక్సాస్‌లోనే సదర్లాండ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరు. అక్కడి చర్చిలో, కడుపులోని బిడ్డతో కలిపి, 26 మంది తూటాలకు పోయారు. ఆ సమయంలో వాళ్లేం చేస్తున్నారు? ప్రార్థనే కదా?

ప్రార్థన తర్వాత వచ్చే మందు ‘మానసిక ఆరోగ్యం’. టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్‌కు ఇది కంఠతా వచ్చు. యువాల్డే ఊరి బడిలో కాల్పుల తర్వాత ఇదే అన్నారు. అలెన్ తర్వాతా ఇదే అన్నారు. మంచిదే. మరి 2022 ఏప్రిల్‌లో, అంటే యువాల్డే పిల్లలు చనిపోవడానికి నెల ముందు, మానసిక ఆరోగ్యం చూసే శాఖ నుంచి దాదాపు 21 కోట్ల డాలర్లు సరిహద్దు కాపలాకు మళ్లించిందెవరు? ఆ ప్రభుత్వమే. మనసు బాగాలేదంటారు, మందుకి డబ్బులివ్వరు. జపాన్‌లో మనసు చెదిరినవాళ్లు లేరా? మన దగ్గర తక్కువా? మనకైతే ఏ న్యూస్ చానెల్ డిబేట్ పెట్టుకున్నా నలుగురు కనిపిస్తారు. కాకపోతే వాళ్ల చేతికి మైకు ఒక్కటే వస్తుంది.

పిల్లలు చనిపోయిన ప్రతిసారీ ఈ గవర్నరుగారు మొహం దించుకుంటారు గానీ, 2015లో ఆయన నిజంగా సిగ్గుపడిన సందర్భం ఒకటుంది. కొత్త తుపాకుల కొనుగోళ్లలో టెక్సాస్ రెండో స్థానంలో ఉందట. కాలిఫోర్నియా ముందుందట. సిగ్గుగా ఉంది, కాస్త జోరు పెంచండి అని ట్విట్టర్‌లో ప్రజలకు పిలుపిచ్చారు. ఎస్సెస్సీ ఫలితాల్లో జిల్లా వెనకబడితే కలెక్టర్ మాట్లాడినట్టు!

తర్వాత తలుపులు. 2018లో సాంటా ఫే హైస్కూల్లో 10 మందిని కాల్చి చంపితే, బడికి రాకపోకల దారులు ఎక్కువైపోయాయని లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ కనిపెట్టారు. 2022లో యువాల్డే తర్వాత సెనేటర్ టెడ్ క్రూజ్ అదే పేటెంట్ తిరగేశారు. ఒకే తలుపు, దాని దగ్గర సాయుధ పోలీసులు. అగ్గి పుడితే పిల్లలు ఎటు పోవాలి స్వామీ? తలుపుకు లైసెన్సు కావాలి, కిటికీకి లైసెన్సు కావాలి, తుపాకీకి మాత్రం అడగకూడదు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో చేతి తుపాకీ నడుముకు కట్టుకుని తిరగడానికి పర్మిట్టే అక్కర్లేదు. ఎల్ పాసో కాల్పుల్లో 23 మంది పోయిన రెండేళ్లకు తెచ్చిన సంస్కరణ ఇది.

మన దగ్గర అడవి పందులు వేరుశనగ చేను తవ్వేస్తున్నాయి, ఒక లైసెన్సు తుపాకీ ఇప్పించండి బాబూ అని రైతు తిరిగితే ఏమవుతుంది? చెప్పులు అరుగుతాయి. 1959 నాటి ఆయుధాల చట్టం పుణ్యం. పోలీసు విచారణ, సంతకాలు, స్టాంపులు, మళ్లీ రా. మన ఆఫీసుల ‘మళ్లీ రా’ను జీవితంలో మొదటిసారి మెచ్చుకుంటున్నాను. రాసి పెట్టుకోండి.

‘చెడ్డవాడి తుపాకీని మంచివాడి తుపాకీయే ఆపుతుంది.’ ఇది వాళ్ల వేదవాక్కు. 2022 మే 24న యువాల్డేలోని రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో ఆ వేదానికి పరీక్ష పెట్టారు. చెడ్డవాడు ఒక్కడు. వాడి వయసు 18. పద్దెనిమిదో పుట్టినరోజు దాటిన వారంలోపే రెండు రైఫిళ్లు కొనుక్కున్నాడు, చట్టప్రకారం. మంచివాళ్లు ఎంతమంది వచ్చారో తెలుసా? 376 మంది. బడి పోలీసులు, ఊరి పోలీసులు, రాష్ట్ర పోలీసులు, సరిహద్దు దళం. హెల్మెట్లు, డాళ్లు, పొడుగు తుపాకులు. మంచితనం పొంగి పొర్లింది. ఎంతసేపు ఆగారు? 77 నిమిషాలు.

ఆ నడవాలోని కెమెరా వీడియో బయటికొచ్చింది. గోడకు శానిటైజర్ డబ్బా ఉంది. ఒక పోలీసాయన దాని దగ్గరికి నడిచి, అరచేతిలో చుక్క వేయించుకుని, నింపాదిగా రెండు చేతులూ రుద్దుకున్నాడు. నడవాకు ఆ చివర తరగతి గదిలో నాలుగో తరగతి పిల్లలు. కొందరు ఇంకా బతికే ఉన్నారు. లోపల్నుంచి 911కి ఫోన్లు చేస్తూనే ఉన్నారు, పోలీసుల్ని పంపండి అని. పోలీసులు గోడ అవతలే ఉన్నారు తల్లీ! చేతులు కడుక్కుంటున్నారు. పాపం, క్రిములంటే భయం. బయట తల్లిదండ్రులు లోపలికి పోతామని తోసుకొస్తే మాత్రం వెంటనే స్పందించారు. ఒక తల్లికి బేడీలు కూడా వేశారు. చలనం లేదని ఎవరన్నారు?

చివరికి 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. మర్నాడు గవర్నరుగారు, పోలీసులు చూపిన ధైర్యం వల్లే సరిపోయింది, ఇంకా ఘోరం జరిగి ఉండేదన్నారు. తర్వాత అసలు సంగతి బయటపడితే, నన్ను తప్పుదోవ పట్టించారన్నారు. పెద్దవాళ్లను తప్పుదోవ పట్టించడం ఎంత తేలికో కదా! ఇంకో ముచ్చట. ఆ బడి పోలీసులకు రెండు నెలల ముందే ఇలాంటి దాడుల మీద శిక్షణ ఇచ్చారు. పరీక్ష సిలబస్‌లోనే వచ్చింది. అయినా ఫెయిల్.

మూడు రోజులకు అదే రాష్ట్రంలో, హ్యూస్టన్‌లో తుపాకుల సంఘం ఎన్‌ఆర్‌ఏ మహాసభ. వాయిదా వేయలేదు. ట్రంప్ వచ్చి ప్రసంగించారు. ఆయన మాట్లాడిన హాల్లోకి తుపాకులు తేవద్దని నిషేధం పెట్టారు. సీక్రెట్ సర్వీస్ రూలు. అంటే గది నిండా మంచివాళ్లున్నా తుపాకీ ప్రమాదమేనని వాళ్లకు తెలుసన్నమాట. ట్రంప్‌గారికి దొరికిన ఆ జాగ్రత్త నాలుగో తరగతికి ఎందుకు దొరకదు?

పిల్లలకు ఏమీ దొరకలేదనడం అన్యాయం. ఒక పుస్తకం దొరికింది. యువాల్డేకు ఏడాది నిండుతున్న రోజులు. అలెన్ నెత్తురు ఇంకా ఆరలేదు. డాలస్ బళ్లలో చిన్నపిల్లల సంచుల్లో పెట్టి ఇంటికి పంపారు. తేనె కుండలో మూతి పెట్టే ఎలుగుబంటి విన్నీ ద పూ ఉంది చూశారూ, దాని బొమ్మలు. లోపల విషయం, బడిలో ప్రమాదం వస్తే ఎలా నడుచుకోవాలి, పోలీసులొచ్చేదాకా ఎలా నక్కి ఉండాలి. ఏ పోలీసులు? ఆ 77 నిమిషాల పోలీసులేనా? రాత్రి కథ చెప్పమని పిల్లాడు ఒళ్లో కూర్చుని ఆ పుస్తకం తెరిస్తే తండ్రి ఏం చదవాలి? తల్లిదండ్రులు గోల పెట్టారు. దాన్ని ఎలా చదివి వినిపించాలో చెప్పకుండా పంపడం మా పొరపాటేనని అధికారులు నొచ్చుకున్నారు. పొరపాటు అక్కడ జరిగిందన్నమాట!

అదే డాలస్‌లో ఆరో తరగతి నుంచి పిల్లలకు పారదర్శకమైన సంచులో, వల సంచులో మాత్రమే. లోపల లంచ్‌బాక్సు, నోటుబుక్కు లోకానికంతా కనబడాలి. ఏడో తరగతి నుంచి నెత్తురు కారకుండా పట్టీ బిగించి కట్టే శిక్షణ. 2019లో టెక్సాస్‌లో దీనికి చట్టమే చేశారు. మన ఏడో తరగతి పిల్ల బారువడ్డీ లెక్కలు చేస్తుంది. వాళ్ల ఏడో తరగతి పిల్ల పక్క బెంచీ పిల్ల కాలికి కట్టు కట్టడం నేర్చుకుంటుంది. పిల్లలు మారారు, సంచులు మారాయి, తలుపులు మారాయి, ఎలుగుబంటి మారింది. మారకూడనిది ఒక్కటే. అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు!

ఇక మన సంగతికి వద్దాం. తప్పించుకోకండి. ఎవరో ఒక పిల్లవాడు పెట్రోలు బంకులో పార్ట్‌టైమ్ చేస్తూ తూటాకు పోతాడు. వారం రోజులు విరాళాల పోగు. శంషాబాద్‌లో పూలదండలు. నాయకుడి ట్వీటు, రెండు చేతులు జోడించిన బొమ్మ. చానెల్లో ‘అమెరికాలో మనవాళ్లకు రక్షణ ఏదీ?’ అని అరుపు. మధ్యలో బ్రేక్. బ్రేక్‌లో కన్సల్టెన్సీ ప్రకటన, యూఎస్ వీసా గ్యారంటీ. అక్కడ సంఘాల సభలకు కాంగ్రెస్ సభ్యుల్ని పిలిచి శాలువాలు కప్పుతాం, గారెలు పెడతాం, గ్రీన్‌కార్డు క్యూ గురించి అర్జీ ఇస్తాం. తుపాకీ మాట ఎవరైనా ఎత్తగా విన్నారా? ఓటుంది, డబ్బుంది, పిల్లలు ఆ బళ్లలోనే చదువుతున్నారు. నోరే లేదు. పైగా కొందరు బాబాయిలు తామే ఒకటి కొనుక్కుని షూటింగ్ రేంజ్‌లో నిలబడి నల్లకళ్లజోడుతో ఫోటో పెడుతున్నారు. లైకులు కూడా బాగానే వస్తున్నాయి. ‘జాగ్రత్త’ అన్న అమ్మ కూడా లైకు కొట్టింది. కొడుకు హీరోలా ఉన్నాడని.

ఆ అమ్మను అని ఏం లాభం? ఏడు సముద్రాల అవతల ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క మాటే. చట్టం చేతిలో ఉన్నవాళ్లు ఏం చేశారో చెబుతాను, వినండి.

యువాల్డే బిడ్డల తల్లిదండ్రులు పెద్ద కోరికేమీ కోరలేదు. తుపాకులన్నీ లాక్కోండి అనలేదు. యుద్ధం తరహా రైఫిల్ కొనే వయసు 18 నుంచి 21కి పెంచండి అన్నారు, అంతే. 2023 ఏప్రిల్లో ఆస్టిన్‌లో శాసనసభ కమిటీ ముందు ఆ మాట చెప్పుకోవడానికి పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా పడిగాపులు పడ్డారు. బిల్లు కదల్లేదు. అలెన్ కాల్పులైన రెండో రోజు, మే 8న, కమిటీ ఉన్నట్టుండి మేల్కొంది. 8-5తో ఆమోదించింది. తల్లిదండ్రులు అక్కడే ఏడ్చేశారు, ఇన్నాళ్లకు ఒకటి గెలిచామని. మర్నాడు రాత్రికి సభ అజెండాలో ఎక్కాలి. ఎక్కించలేదు. గడువు దాటింది. బిల్లు చచ్చిపోయింది. దానికి మాత్రం ఎవరూ ప్రార్థన చేయలేదు.

టెక్సాస్‌లో సిగరెట్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. బీరు కొనాలంటే 21 నిండాలి. ఏఆర్-15 రైఫిల్‌కి 18 చాలు.