అధ్యక్షుల వారి పెట్టె

పనసచెక్కతో చేసిన బొబ్బిలి వీణ అమెరికా కచేరీకి వెళ్లాలి. కార్యవర్గం గట్టి పెట్టెకు ఆర్డరు సిద్ధం చేసింది. రంగు మీద ఒక మీటింగు, మూత మీద అధ్యక్షుల వారి పేరు ఎంత పెద్దగా ఉండాలో ఇంకొకటి. కొలతలు? వాట్సాప్‌లో ఫొటో పంపారుగా!

"కొలతలు లోపలివా, బయటివా? యాళి తల ఎత్తెంత? సొరబుర్ర విడదీస్తారా, ఉంచుతారా?" అని తయారీదారు అడిగితే, "మామూలు వీణే కదండీ" అని జవాబు. ఫోమ్ అటూ ఇటూ రెండేసి అంగుళాలు తింటే పెట్టె నాలుగంగుళాలు పెరుగుతుందన్న లెక్క మినిట్స్ పుస్తకానికి ఎక్కలేదు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటితే చాలా విమాన సంస్థలు అదనపు రుసుము వడ్డిస్తాయి. వీణ పొడవొక్కటే 120 దాకా ఉంటుంది. బరువు 32 కిలోలు దాటితే అసలు ఎక్కించుకోకపోవచ్చు. అయినా ఇత్తడి మూలలు, ఇనప చక్రాలు కావాలట, బరువు మాత్రం ఉండకూడదట!

(తక్కువ కొటేషన్‌కే ఇవ్వాలని తీర్మానం కూడా అయిపోయింది. ఏ సైజుకో ఎవరికీ తెలియదు.)

అయ్యా, పేరు తర్వాత చెక్కిద్దాం. ముందు ఎవరైనా ఒక టేపు పట్టుకురండి.