వెర్షన్ నంబర్ల వంశచరిత్ర

సాఫ్ట్‌వేర్ పేరు పక్కన నిలిచే సంఖ్యను వెర్షన్ నంబరు అంటారు. చుక్కలతో విడదీసిన మూడు అంకెల్లో మొదటిది పెరిగితే పాత పద్ధతులు కొన్ని ఇక చెల్లవని, రెండోది పెరిగితే కొత్త సదుపాయాలు చేరాయని, మూడోది పెరిగితే తప్పులు దిద్దారని గ్రహించాలన్నది ఈ రంగం తనకు తాను పెట్టుకున్న నియమం. నియమం ఇంత స్పష్టంగా ఉన్నా, ఒక ఉత్పత్తికి వారసుడు రాబోతున్నాడనగానే ఇంజినీర్లు, అమ్మకాల విభాగంవారు, న్యాయవాదులు ఒకచోట చేరి తర్జనభర్జన పడటానికి కారణం, ఆ సంఖ్యకు రెండు రకాల పాఠకులు ఉండటమే. కొనేవాడు అందులో వయసు, అనుభవం, పరువు వెతుకుతాడు. దానితో కలిసి పనిచేయవలసిన ఇతర ప్రోగ్రాములు మాత్రం దాన్ని ఉత్త అంకెగా చదివి, ఉన్నది ఉన్నట్టు నమ్మేస్తాయి. మొదటి పాఠకుణ్ణి మెప్పించడానికి ఆడిన అబద్ధం వల్ల రెండో పాఠకుడు బెంబేలెత్తకుండా చూసుకోవడమే ఈ శాస్త్రంలో కష్టమైన భాగం.

మెప్పించే కళకు ఆద్యులుగా ఆష్టన్-టేట్ కంపెనీవారిని చెప్పుకోవచ్చు. వేన్ రాట్లిఫ్ అనే ఇంజినీరు వల్కన్ పేరుతో రాసుకున్న డేటాబేస్ ప్రోగ్రామును, అంటే సమాచారాన్ని పట్టికలుగా దాచి అడిగినప్పుడు వెతికి ఇచ్చే సాధనాన్ని, 1980ల తొలినాళ్లలో వారు అమ్మకానికి పెడుతూ డీబేస్ 2 అని పేరు మార్చారు. డీబేస్ 1 అన్నది బజారులోకి ఎన్నడూ రాలేదు. తొలి కూర్పు అనగానే జంకే కొనుగోలుదారుకు, అందులోని అవస్థలన్నీ ఎవరో ముందే పడిపోయారన్న ధైర్యం కలిగించడమే అందులోని ఉద్దేశం. కంపెనీ పేరులోని టేట్ నిజమైన మనిషే గాని ఆష్టన్ అనే భాగస్వామి కూడా లేడు కనుక, లేని భాగస్వామి ఉన్న కంపెనీ లేని అన్నకు తమ్ముణ్ణి అమ్మి బాగుపడిందని చరిత్రకారులు నమోదు చేయక తప్పదు.

మైక్రోసాఫ్ట్ ఇంకొంత దూరం వెళ్లి, విండోస్ ఎన్‌టీ అనే సరికొత్త వ్యవస్థను 1993లో ఏకంగా 3.1గానే పుట్టించింది, అప్పటికే బజారులో ఉన్న మామూలు విండోస్ 3.1 పక్కన అది పసిపిల్లలా కనబడకూడదు కదా. అదే ఏడాది విండోస్ మీద నడిచే వర్డ్ 2.0 నుంచి ఒక్క అంగలో 6.0కు చేరింది. లినక్స్ పంపిణీల్లో ఒకటైన స్లాక్‌వేర్ 1999లో 4 తర్వాత 7కు దూకినప్పుడు, తోటివారు అంకెలు పెంచుకుంటూ పోతుంటే తన సరుకు పాతదన్న భ్రమ కలుగుతోందని దాని కర్త పాట్రిక్ వోల్కర్డింగ్ దాపరికం లేకుండా చెప్పాడు. ఈ రంగంలో అంతటి నిజాయితీ అరుదు కనుక ఆ దూకుడును క్షమించవచ్చు.

రెండో పాఠకుడికి ఇంత ఉదారత లేదు. 2009లో ఒపెరా బ్రౌజరు పదో వెర్షన్‌కు చేరినప్పుడు ఈ సంగతి తేటతెల్లమైంది. బ్రౌజరు ఏ వెబ్‌సైటు గడప తొక్కినా ముందుగా తన పేరు, వెర్షన్ ఒక వరుసలో చెప్పుకోవాలి; ఆ వరుసను యూజర్ ఏజెంట్ అంటారు. ప్రధాన బ్రౌజర్లలో దేనికీ అంతవరకు రెండంకెల వయసు రాకపోవడంతో, చాలా సైట్లు పేరు తర్వాతి ఒక్క అంకెనే చదివి ఊరుకునేవి. అవి 10లోని 1ని చూసి, ఇదేదో ఆదిమకాలపు బ్రౌజరని తీర్మానించి మొహం చాటేసేవి. చేసేది లేక ఒపెరా ఆ వరుస మొదట్లో 9.80 అని చెప్పుకొని, వరుస చివర, ఎవరూ తొంగిచూడని చోట, 10.00 అని అసలు వయసు రాసుకుంది. అదే ఏడాది వచ్చిన విండోస్ 7 లోపల 6.1గానే చలామణి అయింది, ఎందుకంటే అంతకుముందు విస్టా 6.0 అయినప్పుడు, తొలి అంకె మారిందన్న ఒక్క కారణంతోనే ఎన్నో ప్రోగ్రాములు మొరాయించాయి. ఆపిల్ వారి మ్యాక్ వ్యవస్థ 2020లో 11 అయ్యాక కూడా పాత ప్రోగ్రాములు అడిగితే 10.16 అని బుకాయించేది. విండోస్ 11 లోలోపల నేటికీ 10.0యే. చుక్కను దశాంశ బిందువుగా చదివే ప్రోగ్రాముల ముందు మాత్రం ఏ ఉపాయమూ పారదు: 2021లో పైథాన్ భాష 3.9 తర్వాత 3.10 అయినప్పుడు, అవి దాన్ని 3.1గా చదివి, ఆ భాష పన్నెండేళ్లు వెనక్కి నడిచిందని భావించాయి.

మధ్యలో ఒక అంకె మాయం కావడం మరో ఘట్టం. పీహెచ్‌పీ భాషలో 5.6 తర్వాత 2015లో 7.0 వచ్చింది, ఏళ్ల తరబడి తయారవుతూ వచ్చిన 6ను 2010లో పక్కన పెట్టేశారు గాని, అప్పటికే దాని పేరు మీద పుస్తకాలు అచ్చయి అమ్ముడుపోయాయి. మూలగ్రంథం లేని వ్యాఖ్యానాలుగా అవి సాహిత్యచరిత్రలో ప్రత్యేక స్థానానికి అర్హమైనవి.

అంకెలతో విసిగినవారు పేర్లను ఆశ్రయిస్తారు. అక్కడ న్యాయవాదులు కాచుకొని ఉంటారు. నేటి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2002లో ఫీనిక్స్‌గా పుట్టి, ఆ పేరు మీద వేరొక కంపెనీకి హక్కు ఉండటంతో 2003లో ఫైర్‌బర్డ్ అయి, ఆ పేరుతో అప్పటికే ఒక డేటాబేస్ ఉందని తేలడంతో 2004లో మూడోసారి నామకరణం జరిపించుకుంది. గూగుల్ తన ఆండ్రాయిడ్‌కు ఇంగ్లిష్ అక్షరక్రమంలో మిఠాయిల పేర్లు పెడుతూ వచ్చింది. ఎన్ అక్షరం వంతు వచ్చినప్పుడు కేరళవారు నెయ్యప్పం కోసం గట్టిగా పట్టుపట్టినా నూగట్‌కే దక్కింది, ఆత్రేయపురం పూతరేకులు ఆశపడదగిన పీ అక్షరం 2018లో పై అనే పాశ్చాత్య వంటకం పాలైంది, మరుసటి ఏడాది మిఠాయిలే మానేసి ఉత్త 10 అన్నారు. మరో లినక్స్ పంపిణీ అయిన ఉబుంటు వారి పద్ధతి ఇంతకంటే నిక్కచ్చిగా ఉంటుంది. అక్కడ విడుదలైన ఏడాది, నెలే వెర్షన్ నంబరు కనుక, 2006 ఏప్రిల్‌లో 6.04గా రావలసినది ఆరు వారాలు ఆలస్యమై జూన్‌లో 6.06గా వచ్చి, తన జాప్యాన్ని తన పేరులోనే మోసుకు తిరిగింది.

ఈ చిక్కులన్నిటికీ తెలుగు పంచాంగంలో విరుగుడు ఉందన్న విషయాన్ని పరిశ్రమ ఇంతవరకు గమనించలేదు. అరవై పేర్లు, స్థిరమైన వరుస, ట్రేడ్‌మార్క్ బెడద లేదు, సమావేశం అవసరం అంతకన్నా లేదు. ఆ లెక్కన విండోస్ 95 యువ అయ్యేది, 98 బహుధాన్య అయ్యేది. 2007 జనవరిలో బజారుకు వచ్చి, మెమొరీ చాలని కంప్యూటర్లున్నవారి చేత అదనంగా ఖర్చు పెట్టించిన విస్టా, ఆ ఏడాది ఉగాది ఇంకా రాలేదు కనుక, సరిగ్గా వ్యయనామ సంవత్సరంలో పడేది. విళంబి అన్న పేరు ఏ ప్రాజెక్టుకు పెట్టినా ఒప్పుతుంది.

అంకెలను పట్టించుకోని విరక్తులూ లేకపోలేదు. లినస్ టోర్వాల్డ్స్ 2011లో లినక్స్ కెర్నెల్‌ను 2.6.39 నుంచి 3.0కు మార్చినప్పుడు ప్రత్యేక విశేషమేమీ లేదన్నాడు, 2019లో 5.0కు మార్చినప్పుడు లెక్కపెట్టుకోవడానికి చేతివేళ్లు, కాలివేళ్లు అయిపోయాయన్నాడు. డొనాల్డ్ నూత్ తన అచ్చుకూర్పు ప్రోగ్రాము టెక్‌కు 3 తర్వాత 3.1, 3.14 అంటూ వృత్తగణితంలోని పై విలువ వైపు ఒక్కో అంకె చేరుస్తూ, తన మరణానంతరం వెర్షన్‌ను పై అనే ఖరారు చేసి, మిగిలిన తప్పులన్నిటినీ గుణాలుగా పరిగణించాలని ఆదేశించాడు.

అసలు సంకటం, వచ్చిన వారసుణ్ణి చూసి పెద్దవాడు గద్దె దిగకపోవడం. పెర్ల్ భాష ఐదో వెర్షన్‌కు వారసుడిగా ఆరు వస్తోందని 2000లో ప్రకటించారు. అది స్థిరమైన రూపంలో వెలువడేసరికి 2015 క్రిస్మస్ అయింది, ఈలోగా ఐదు తన మానాన తాను పెరుగుతూనే ఉంది, చూడబోతే రెండూ రెండు వేర్వేరు భాషలుగా తేలాయి. 2019లో ఆరుకు రాకు అనే కొత్త పేరిచ్చి సాగనంపారు. ఆరు కుర్చీ అలా అంటుపడిపోవడంతో, 2020లో ఐదుకు నేరుగా ఏడుగా పదోన్నతి ఇస్తామన్నారు; దాని మీద చర్చలు జరిగాయి, వాయిదా పడింది, 2024లో మాత్రం నిరాడంబరంగా 5.40 విడుదలైంది.