మ్యూజియం అధికారి గారికి గూడూరు నుంచి పద్నాలుగు మంది విన్నపం

మహారాజశ్రీ మ్యూజియం అధికారి గారి సముఖమునకు, గూడూరు జంక్షన్ నుంచి ఒక పెద్ద కుటుంబం వ్రాసుకొను విన్నపము ఏమనగా:

తమరిది ఏ ఊరి మ్యూజియమో ఇక్కడ రాయడం లేదు. మా మొర ఏ ఊరికైనా సరిపోతుంది.

వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి చిన్నాన్న వాళ్ళు, బెంగళూరు నుంచి అత్త వాళ్ళు దిగితే ఇంట్లో పద్నాలుగు మందిమి. పిల్లలు ఫోన్లు వదలరు, పెద్దలు పొలం పంపకాల మాట వదలరు. అందుకే మ్యూజియం చూద్దామని బయల్దేరతాం. మాకు రైళ్ళకు కొదవ లేదు, ఇటు మద్రాసు, అటు తిరుపతి. తంటా అంతా వారంతోనే. తాత మంగళవారం గడప దాటడు. శనివారం అత్తకు ఒంటిపూట. ఆదివారం రైల్లో కాలు పెట్టే సందుండదు. మిగతా రోజుల్లో ఎవరో ఒకరికి ఏదో ఒక అడ్డు. అన్నీ పోను అందరికీ కుదిరేది శుక్రవారం. ఆ రోజు మద్రాసు ఎగ్మోరు మ్యూజియానికి సెలవు, తిరుపతి దగ్గరి చంద్రగిరి కోటలో పురావస్తు శాఖ వారి మ్యూజియానికి సెలవు, అంత దూరం హైదరాబాదు పోయినా సాలార్‌జంగ్‌కీ సెలవే. తమరూ పంచాంగకర్తలూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే మాకు దారి దొరుకుతుంది.

ఎట్టాగో ఇంకో రోజు చూసుకుని వెళ్ళిన చంద్రగిరిలో పదిహేనేళ్ళలోపు పిల్లలకు టికెట్ లేకపోవడం మాత్రం ధర్మమైన పని. మీసం మొలిచిన మా వాడికి ఇంకా పద్నాలుగే అని గేటు దగ్గర అత్త చేసిన వాదన సంగతి వేరే చెప్పుకుందాం. అక్కడి రాజమహల్‌ను కర్ర ముక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో మూడంతస్తులు లేపారు. ఆ మాట చెవిన పడగానే, జీవితమంతా తాపీ పని చేసిన మా మామ కప్పు వంక చూస్తూ నిలబడిపోయాడు. "దూలం లేకుండా ఎట్టా నిలబెట్టార్రా!" అని తలెత్తి ఒకటే గొణుగుడు. శిల్పాలు చూద్దాం రమ్మంటే రాడు. ఆయన చూడాల్సింది ఆయన చూస్తున్నాడు.

తమ బోర్డుల మీద ఉండేది మాత్రం రెండే మాటలు: మాట్లాడకండి, ముందుకు నడవండి. పెద్ద కుటుంబానికి ఈ రెండూ చేతకావు.

తమ పూర్వీకులు ఇట్లా ఉండేవాళ్ళు కాదు. 1851లో మద్రాసు మ్యూజియం మొదలైనప్పుడు దాన్ని చూసుకున్న బాల్ఫర్ దొర, జనం రావాలని ఆవరణలో బతికున్న జంతువులను పెట్టించాడు. 1855లో అక్కడే జంతుప్రదర్శనశాల అయింది. పాతకాలం వాళ్ళు దాన్ని బతికిన కాలేజీ అనీ, మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ అనేది అందుకే. పులిని చూడ్డానికి వచ్చినవాడు రాళ్ళు కూడా చూసి పోతాడని ఆ దొర నమ్మకం. నోరు మూసుకుని చూడమన్నాడని ఎక్కడా వినలేదు.

ఇక అసలు సంగతి. ఒక మ్యూజియంలో, పేరెందుకులెండి, అద్దాల పెట్టెలో మా వైపు రాయి కనబడింది. చీటీ మీద "అభ్రకం, నెల్లూరు జిల్లా" అని ఉంది. మనవడు చదివి వినిపించగానే అవ్వ ఆగిపోయింది. చిన్నప్పుడు సైదాపురం వైపు మైకా షెడ్డులో పనిచేసిన మనిషి. పొర అంచున గోరు దూర్చి, ఊపిరి బిగబట్టి, చినగకుండా ఎట్టా లాగాలో గాలిలోనే చేసి చూపించింది. లేతాకుపచ్చ రంగుది మనదనీ, మచ్చ ఉంటే కూలి తగ్గించేవాళ్ళనీ, సాయంత్రానికి చీర కొంగంతా మెరిసేదనీ చెప్పింది. ఇస్త్రీ పెట్టెలో తీగ చుట్టేది ఈ రేకుకే అని చిన్నాన్న అందుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోలకూ విమానాల ఇంజన్లకూ కావాలని ఇంగ్లండు, అమెరికా మన అభ్రకం కోసం ఎగబడ్డ సంగతి నేను కలిపాను. చుట్టూ ఊరూ పేరూ తెలియని జనం చేరారు. ఫోను జేబులో పెట్టి మా మీసాలవాడు కూడా విన్నాడు.

ఇంతలో ఈల. "జరగండమ్మా, జరగండి!"

"ఉండబ్బాయ్, ఇది మా రాయి" అంది అవ్వ. ఉండనివ్వలేదు.

కావున తమరు దయతో చేయవలసినవి: ప్రతి గదిలో ముసలివాళ్ళకు ఒక బల్ల వేయించండి. ఈల మానిపించండి. గూడూరులో అభ్రకానికి ఒక గది ఇప్పించండి, స్టేషనుకు దగ్గరైతే మేలు. మైకా పనిచేసిన చేతులు మా చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి గానీ, అన్నీ అవ్వ వయసువే, కాబట్టి ఫైలు తొందరగా కదిలించండి. గైడు కోసం ప్రకటన అక్కర్లేదు. రెండు పూటలా కాఫీ, వక్కా ఆకూ ఇస్తే అవ్వ వస్తుంది. రాళ్ళకు అద్దాల పెట్టె మాత్రం పెట్టొద్దు, గోరు ఆడాలి.

ఇట్లు,
తమ విధేయులు పద్నాలుగు మంది
(సంతకాలు పదమూడు, వేలిముద్ర ఒకటి)