బరువు తగ్గించే మనిషి

బేస్ అన్నను గుర్తుపట్టడానికి ఆయన చేతిలో గిటారు ఉండక్కర్లేదు. పెళ్ళికి పిలిస్తే అందరూ ముందు పెళ్ళికూతుర్ని చూసి, తర్వాత భోజనాల టెంటు ఎటుందో వెతుక్కుంటారు. ఆయన తిన్నగా డీజే బాక్సుల వెనక్కి వెళతాడు. వేలి కణుపుతో పక్క చెక్క మీద టకటకా కొట్టి, చెవి ఆనించి, పెదవి విరుస్తాడు. "పద్దెనిమిది ఎంఎం ఎండీఎఫ్. లోపల అడ్డపట్టీల్లేవు. ఒక్కోటి నలుగురు మోయాలి" అని తీర్పు చెప్పాకే అక్షింతలు వేస్తాడు.

ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా సారపాక వైపు వస్తుంటే ఇలాంటి అన్నలు దారి పొడుగునా తగులుతారు. వారమంతా ఒకాయన సింగరేణిలో ఫిట్టరు, ఒకాయన సర్కారు బడిలో సారు, ఇంకొకాయన కరెంటాఫీసులో లైన్‌మన్. ఆదివారం పొద్దున మాత్రం అందరూ చర్చిలో బేస్ గిటారిస్టులు. ఇక్కడి అడవికి చర్చి పాట నిన్న మొన్నటిది కాదు. గోదావరి మీద పనులకు వచ్చిన ఇంజినీరు హేగ్ దొర చొరవతో 1860ల్లోనే దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ మొదలైంది. 1912లో అజరయ్యగారు డోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడాయన. ఒకప్పుడు హార్మోనియం, తబలాలతో సాగిన కీర్తనకు ఇప్పుడు కీబోర్డు, రిథమ్ ప్యాడు, వాటి వెనక గోడకానుకుని నాలుగు తీగల బేస్ గిటారు.

గోడకానుకుని ఉండడమే ఆయన బాధ. పాడేవాణ్ణి పెద్దలు చూస్తారు, కీబోర్డు వాయించేవాణ్ణి కాలేజీ పిల్లలు చూస్తారు. బేస్ వాయించేవాణ్ణి చూసేది ఫ్యాను స్విచ్చు కోసం వచ్చినవాడొక్కడే. దానికితోడు కీబోర్డుకూ మైకుకూ పెట్టిన చిన్న స్పీకర్లోనే తన వైరు కూడా గుచ్చుతారు. బేస్ గిటారు లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ నెమ్మది కంపనాన్ని గదంతా వినిపించాలంటే చాలా గాలిని ముందుకూ వెనక్కీ తోయాలి. చిన్న స్పీకరుకు ఆ బలం లేదు. కాబట్టి అన్న నుదుటి నరాలు పొంగేలా వాయిస్తాడు, సంఘానికి "టిక్ టిక్" అని వినిపిస్తుంది. అయ్యగారు ఒకసారి ప్రార్థన మధ్యలో "ఆ గడియారం ఎవరిదో కాస్త ఆపండి" అన్నారట. ఆ రాత్రే అన్న సొంత పెట్టె కట్టాలని తీర్మానించుకున్నాడు.

కొనొచ్చు కదా అంటే, హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో అడిగొచ్చాడు. ధర విన్నాక వచ్చిన నీరసం ఒకటైతే, పెట్టెను ఎత్తి చూసినప్పుడు నడుములో వచ్చిన పోటు ఇంకొకటి. ఆయన వాయించేది ఊళ్ళో చర్చిలోనే కాదు. గృహకూటాలు, క్రిస్మస్ ముందు సెమీ క్రిస్మస్‌లు, చర్ల రోడ్డులో వాగులు దాటి వెళ్ళాల్సిన గూడేల్లో ఉజ్జీవ కూటాలు. సాధనం బైకు. అందుకని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి శపథం చేశాడు: "నిండు గ్యాసు సిలిండర్ ముప్ఫై కిలోలు. నా పెట్టె దాన్లో సగం దాటదు."

"ఆ సిలిండర్ బుక్ చేసి నాలుగు రోజులైంది, రాలేదు. ముందది చూడండి" అంది భార్య. శాస్త్రజ్ఞులకు ఇంట్లో దొరికే ప్రోత్సాహం ఎక్కడైనా ఇంతే.

అన్నకు శాస్త్రం నోటికొచ్చు. ఆస్ట్రేలియాలో థీల్ అనే ఆయన 1961లో స్పీకరు పెట్టెల లెక్కలు రాశాడనీ, 1970ల్లో స్మాల్ అనే ఆయన వాటిని సాపు చేశాడనీ చెబుతాడు. ఇద్దరినీ "సారు" అంటాడు. హాఫ్‌మన్ అనే ఇంకో సారు సూత్రం మాత్రం వంటింటి తలుపు మీద సుద్దతో రాశాడు: పెట్టె చిన్నదిగా ఉండాలి, లోతు స్వరం పలకాలి, తక్కువ కరెంటుతో గట్టిగా మోగాలి. మూడింట్లో ఏవైనా రెండే కోరుకో, మూడోది వదులుకో. ఇది చదివిన అత్తగారు, "మా అమ్మాయికి సంబంధం చూసినప్పుడు మాకూ ఇంతే అయింది" అని నిట్టూర్చింది.

తేలిక చెక్క కోసం వేట కొండపల్లి బొమ్మల దగ్గర మొదలైంది. ఆ బొమ్మలు చేసే తెల్లపొనికి చేతిలో ఉన్నట్టే ఉండదు. దాంతోనే పెట్టె కడతానని వడ్ల మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. మేస్త్రి చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకుని, "బొమ్మకైతే బాగుంటది సారూ. మీ పెట్టె దడదడలాడితే మొల నిలుస్తదా? రేపు మీ స్పీకరు ఎగిరొచ్చి అయ్యగారి ఒళ్ళో పడితే నన్నంటారు" అన్నాడు. టేకు పేరెత్తితే ఫారెస్టు చెక్‌పోస్టు గుర్తొచ్చింది. సారపాక కాగితం మిల్లు చుట్టూ కనుచూపు మేరా జామాయిల్ తోటలే గనక అదీ ఆలోచించాడు. మేస్త్రి బరువు చెప్పాడు, ఎండితే ఎలా పగులుతుందో కూడా చెప్పాడు. చివరికి పన్నెండు ఎంఎం ప్లైవుడ్ దగ్గర రాజీ కుదిరింది.

ఆ రాజీలో మంచి లెక్కే ఉంది. అరవై సెంటీమీటర్ల ఎత్తు, నలభై అయిదు వెడల్పు, నలభై లోతు పెట్టెను పద్దెనిమిది ఎంఎం ఎండీఎఫ్‌తో కడితే చెక్క ఒక్కటే పద్దెనిమిదిన్నర కిలోలు తూగుతుంది. పన్నెండు ఎంఎం ప్లై అయితే పది కిలోలు. కానీ పలుచటి పలక తనూ పాడబోతుంది. స్పీకరు ఒక పాట పాడితే పలక ఇంకో పాట అందుకుంటుంది. దాని నోరు మూయించడానికి లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డపట్టీలు బిగించాలి. అవి రెండు కిలోలు మించవు. స్పీకరుకు మామూలు ఫెర్రైట్ అయస్కాంతం బదులు నియోడిమియంది వెతికి, అక్కడ ఇంకో రెండు మూడు కిలోలు దించాడు. దాని డబ్బు ఎక్కడిదని ఇంట్లో అడగలేదు. ఆషాఢంలో చీర లేనప్పుడు భార్యకు అర్థమైంది.

పెట్టెలోంచి తీసిన బరువు ఎక్కడికీ పోదు. చుట్టూ ఉన్నవాళ్ళ మీదికి మారుతుంది. జిగురు ఆరేదాకా నొక్కి ఉంచడానికి క్లాంపుల్లేక బియ్యం బస్తా పెట్టాడు, కాబట్టి రెండు రోజులు ఇంట్లో ఉప్మానే. ఉప్పు కాగితంతో అంచులు రుద్దింది కొడుకు. ఆ పొట్టు ఊడ్చింది కూతురు. గాలిగొట్టాలకు వాడిన నాలుగంగుళాల పీవీసీ పైపు బాత్రూము పనికి తెచ్చింది. బాత్రూము ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ గొట్టాలను శ్రుతి చేసిన రాత్రి మాత్రం చూసి తీరాల్సిందే. రెండు ముక్కలూ ఇరవై అయిదు సెంటీమీటర్ల పొడవుంచి మొదలుపెట్టాడు. పొడవు తగ్గిస్తే పెట్టె శ్రుతి పైకి వెళుతుంది. ఎక్కువ కోసేస్తే మళ్ళీ అతకదు. లైట్లార్పి, గొట్టం నోటికి ఎదురుగా కొవ్వొత్తి వెలిగించి, ఫోనులోంచి ఒకే స్వరం పంపుతూ హెర్ట్జ్ అంకె మెల్లగా దించాడు. అరవై దగ్గర మంట నిటారుగా ఉంది, స్పీకరు కాగితం ఊగుతోంది. యాభై దగ్గర మంట తలాడించింది. నలభై అయిదు చుట్టుపక్కలకు వచ్చేసరికి స్పీకరు దాదాపు కదలడం మానేసింది, మంట మాత్రం అటూ ఇటూ కొట్టుకుని చప్పున ఆరిపోయింది. అంటే స్పీకరు చెయ్యాల్సిన పని గొట్టంలోని గాలి అందుకుందన్నమాట. చీకట్లో అన్న "వచ్చింది! వచ్చింది!" అని కేక పెట్టాడు. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగారు.

తూకం వెయ్యడానికి పక్కవీధి మిర్చి రైతు గోదాములోని కాంటా అరువడిగాడు. పదిహేడు కిలోలు. అన్న ముఖం వాడిపోయింది. ఇనుప పిడులు పీకి నవారు పట్టీలు వేశాడు. మూలలకు బిగించిన రేకులు తీసేశాడు. మేస్త్రి శ్రద్ధగా పూసిన లప్పం గీకేశాడు. పదిహేను దాటి రెండు వందల గ్రాములు మిగిలితే, ఆ రెండు వందలూ కాంటా తప్పని తేల్చాడు. మిర్చి గోదాములో రెండు రోజులు అటూ ఇటూ దొర్లిన పెట్టె కాస్త ఘాటెక్కింది. తూకం మీదున్న ధ్యాసలో అది ఎవరూ పట్టించుకోలేదు.

తొలి ప్రదర్శన చర్ల వైపు గూడెంలో. ఆ దారిలో వైర్లు వేలాడే నల్లపెట్టెను బైకు మీద కట్టుకుపోయేవాణ్ణి ఆపకపోతేనే వింత. చెక్‌పోస్టు దగ్గర ఆపారు.

"లోపల ఏముందయ్యా?"

"గాలి సార్. సుమారు తొంభై లీటర్లు."

నిజమే చెప్పాడు. ఆ నిజం వల్ల ఇరవై నాలుగు స్క్రూలూ ఊడదీసి చూపించాల్సి వచ్చింది. లోపల నిజంగానే గాలి తప్ప ఏమీ లేకపోయేసరికి అడిగినాయనకు అనుమానం ఇంకాస్త పెరిగింది.

గూడెంలో పెట్టె దించగానే జనం మూగారు. భుజాన డోలి వాద్యం వేలాడదీసుకున్న కోయ పెద్దాయన ఒకరు చుట్టూ తిరిగి చూశాడు. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన డోలి అలాంటిదే. పెద్దాయన అడిగింది ఒక్కటే: "దీనికి కరెంటు గావాల్నా?" కావాలన్నాడు అన్న. "మరి తేలికెట్లయితది?" అని ఆయన పక్కకు తప్పుకున్నాడు. జనరేటరు మోసుకొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఆ మాటకు గట్టిగా తలూపారు.

పాట మొదలైంది. అన్న కళ్ళు మూసుకుని లావు తీగ మీటాడు. నేల అదిరింది, తాటాకు కప్పు గలగలలాడింది. అదే ఊపులో రెండు గొట్టాల్లోంచి దూసుకొచ్చిన గాలి, గోదాములో లోపల పేరుకున్న కారం దుమ్మునంతా ముందు వరసకు పంచింది. అయ్యగారు "హల్లె..." అనబోయి తుమ్మారు. అమ్మగారు తుమ్మారు. సంఘ పెద్దలు వరసగా తుమ్మారు. ముందు వరసలో అందరి కళ్ళలో నీళ్ళు. ఉజ్జీవం అంటే ఇదేనని వెనక వరసవాళ్ళు అనుకున్నారు, వాళ్ళూ ఏడ్చారు. కూటం అయ్యాక అయ్యగారు ముక్కు తుడుచుకుంటూ, "ఇవ్వాళ బేస్ వినిపించింది బ్రదర్" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

ఇంట్లో ఆ పెట్టె హోదా పెరిగింది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటిన నీటిని చూసిన ఊరు అది. ఇప్పుడు మొదటి హెచ్చరిక మైకులో వినగానే అన్న మేడ మీదికి చేర్చేది పెట్టెనే. "ముందు బియ్యం, సర్టిఫికెట్లు" అని భార్య అరిస్తే, "అందుకే కదా తేలిగ్గా కట్టింది, ఒక్క నిమిషం" అంటాడు మెట్ల మీంచి. బియ్యం బస్తా ఆమే ఎత్తుతుంది.

అంతటితో కథ ముగిసిందని ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. పోయిన వారం ఆయన అయిదు తీగల బేస్ గిటారుకు అడ్వాన్సు ఇచ్చొచ్చాడు. ఆ అయిదో తీగ సెకనుకు 31 సార్లే కంపిస్తుందట. అంత లోతు స్వరానికి ఈ పెట్టె చాలదట. కొంచెం పెద్దది కావాలట, బరువు మాత్రం పెరగకూడదట. ఆ సాయంత్రమే వడ్ల మేస్త్రి ఇంటికి వెళ్ళి తలుపు తట్టాడు. మేస్త్రి ఊళ్ళో లేడని, వచ్చే నెలకు గానీ రాడని ఆయన భార్య గుమ్మంలోనే చెప్పింది. అలాగేనమ్మా అని అన్న వెనుదిరుగుతుంటే లోపలి గదిలో ఎవరో దగ్గారు.

"మేస్త్రీ, నలభై హెర్ట్జ్ దగ్గర మోగుతోంది మీ దగ్గు" అన్నాడు అన్న, అక్కడే అరుగు మీద కూర్చుంటూ.