బీరకాయపీచు బాంధవ్యము

చుట్టరికములలో బీరకాయపీచు చుట్టరికమంత గట్టిది వేరొకటి లేదని నా యభిప్రాయము. ఏలయన, తక్కినవి మన ప్రమేయము లేకయే పుట్టుకతో సంక్రమించునవి, ఇది మాత్రము వెదకి, పీకి, పేని, ముడివేసికొనవలసినది. నేతకులమున పుట్టినవాడను గనుక పీచు చేత చిక్కినచో పోగు చేయక మానను. అట్టి నాకు డెబ్బదియవ యేట జర్మనుదేశముతో చుట్టరికము కలిసిన విధమును విన్నవించెదను.

మా కుటుంబము కరీంనగరు సీమనుండి పొట్ట చేతబట్టుకొని సూరతునకు వచ్చి, ఉధనా, లింబాయత్, డిండోలీల చెంతనున్న నవాగామునందు స్థిరపడినది. ఇచట మరమగ్గములు, మా వాడుకలో సాంచెలు, రేయింబవళ్లు మ్రోగుచుండును. ఆ మ్రోతలోనే నేను ముప్పదియేండ్లు తెలుగు పిల్లలకు వ్యాకరణము చెప్పితిని. నా శిష్యులకు సంధులు పట్టువడకున్నను కంఠములు మాత్రము గట్టిపడినవి.

మా మనుమడు యంత్రశాస్త్రము చదువుటకై జర్మనీకి పోదలచి, ఆ భాష నభ్యసించుచు, ప్రతి రాత్రియు నన్ను ఎదుట కూర్చుండబెట్టుకొని వల్లెవేయసాగెను. నవాగామనగా గుర్జరభాషలో క్రొత్తయూరు. "తాతా, జర్మనీల గిసొంటి పేరున్న ఊర్లు శానా ఉన్నయి, నోయ్‌డోర్ఫ్ అంటరు" అని వాడు చెప్పినదే తడవుగా పీచు మొదటి కొస నాకు దొరికెను.

ఆ భాషలో ఆడపిల్లను చెప్పు 'మేడ్షెన్' అను పదము నపుంసకలింగమట. "గదేం న్యాయం?" అని మా యింటామె వంటయింటినుండి గద్దించినది. నేనును నవ్వబోయితిని గాని, 'ఆవు వచ్చినది, అమ్మ వచ్చినది' అని ఏకవచనమున స్త్రీని పశువుల పంక్తిలో నిలిపి, 'వారు వచ్చిరి' అని బహువచనమున మాత్రమే పురుషుల సరసకు చేర్చిన మన వ్యాకరణము జ్ఞప్తికి వచ్చి, నవ్వును మ్రింగితిని. ముప్పదియేండ్లు నేను బోధించినది ఇదియేయని ఆమె యెరుగకుండుట నా పూర్వజన్మసుకృతము.

నేతమాటలకు వచ్చుసరికి నా యుత్సాహమునకు మేర లేకపోయెను. పడుగును వారు 'కెట్టె' యందురు, అనగా గొలుసు, అది స్త్రీలింగము. పేక 'షుస్', అనగా తుపాకివ్రేటు, అది పుంలింగము. ఆ రెంటి నడుమ పరుగులిడు నాడె 'వేబర్‌షిఫ్షెన్', అనగా సాలెవాని చిన్నియోడ, అది నపుంసకము. ఆలుమగల నడుమ రాకపోకలు సలుపువాడు ఏ పక్షమునకును చెందకుండుటయే క్షేమమని గ్రహించిన జాతి సామాన్యమైనది కాదు.

'వేబర్' అనగా సాలెవాడేయని తెలిసిన రాత్రి నాకు కంటికి కునుకు రాలేదు. మనుమని భౌతికశాస్త్రగ్రంథమున అయస్కాంత అభివాహమునకు ప్రమాణము వేబర్! ఆ పేరునకు మూలపురుషుడైన విల్‌హెల్మ్ వేబర్, గాస్ పండితునితో కూడి 1833లో గొట్టింగెన్ పట్టణపు ఇండ్లకప్పులమీదుగా తీగ సాచి తంతివార్త పంపెనట. వీథి పొడవునను పడుగు సాచి గంజిపెట్టిన కులమువాడు గాక అట్టి యూహ మరెవ్వనికి తోచును? సమాజశాస్త్రవేత్త మాక్స్ వేబర్ తండ్రివైపువారు బీలెఫెల్డ్‌లో నారబట్టల వర్తకులు. ఆయన 1908లో బంధువుల నేతమిల్లున కూర్చుండి, ఏ పనివాడు ఏ దినమున ఎంత నేసెనో లెక్కలు పరిశీలించి వ్యాసములు వ్రాసెను. మా సాంచెల ఖాతాలోని మేస్త్రీ ప్రతి సాయంకాలమును చేయునది యిదియే. వానిని శాస్త్రవేత్త యనువారు లేకపోవుట కాలమహిమ.

చుట్టములన్న తరువాత కలవారును లేనివారును ఉండవలెను గదా. 1367లో ఆగ్స్‌బర్గు చేరిన హాన్స్ ఫుగర్ అను సాలెవాని మనుమడు యాకోబ్, చక్రవర్తులకే అప్పులిచ్చు ధనికుడై, బీదలకై 1521లో నెలకొల్పిన యిండ్లవాడలో నేటికిని ఏడాది యద్దె 88 సెంట్లు, అనగా ఒక యూరోకు లోపు. దానితోపాటు దాత కుటుంబముకొరకు దినమునకు మూడు ప్రార్థనలు. ప్రార్థనలలో మేమును తీసిపోలేదు. మా యింటి యజమాని అద్దె పెంచకుండుగాకయని మూడుపూటలును చేయుచునే యున్నాము.

ఇక లేనివారు. సైలీషియాలో 1844 జూన్‌లో, కూలి కడుపునకు చాలక తిరుగబడిన నేతగాండ్రపై ప్రష్యా సైన్యము కాల్పులు జరుపగా 11 మంది నేలకొరిగిరి. సాలెవాని మనుమడే యైన గెర్హార్ట్ హౌప్ట్‌మన్ 1892లో ఆ కథను నాటకముగా వెలువరింపగా బెర్లిను పోలీసులు ప్రదర్శనను నిషేధించిరి. 1894లో ఎట్టకేలకు అది బహిరంగముగా రంగమెక్కినపుడు, చక్రవర్తి రెండవ విల్‌హెల్ము కోపించి ఆ నాటకశాలలో తనకుగల ప్రత్యేకాసనమునే వదలుకొనెను. ఇది చదివిననాడు నేను పరిహాసము మాని, రాత్రిపాళికి పోవుచున్న పొరుగింటి కుర్రవానిని నిలిపి, "తిన్నవా బిడ్డా?" అని యడిగితిని.

మనుమడు జర్మనీ చేరి వారము తిరుగకమునుపే, రాత్రి ఒంటిగంటన్నరకు ఫోను మ్రోగెను. "తాతా, నిద్ర పడ్తలేదు. ఈడ రాత్రి పది గొట్టంగనే సప్పుడు జేయొద్దట. ఆయితారమైతే గోడకు మేకు సుత కొట్టొద్దట."

వాని కష్టము నాకు తెలిసినది. నవాగామున చప్పుడునకు నిద్ర చెడదు. అర్ధరాత్రి సాంచెలు ఆగినచో, కరెంటు పోయెనా, గిరాకి పోయెనా యని పేటంతయు లేచి కూర్చుండును. నేను జాలిపడి ఫోనును కిటికీకమ్ముల నడుమ నిలిపితిని. వీథికావలి ఖాతాలోని సాంచెల మ్రోత సముద్రములు దాటి వాని చెవిని పడెను కాబోలు, కొంతసేపటికి గురక వినవచ్చెను.

మరునాడు వాడు మరల పిలిచెను. "తాతా, నిన్న ఫోను స్పీకర్ల పెట్టి పండుకున్న. పక్కింటాయన వచ్చి తలుపు బాదిండు. గదిల మగ్గం పెట్టినవా అని అడిగిండు."

"ఆయన తలుపుమీద పేరుపలక చూచితివా?"

క్షణకాలము మౌనము. "జూసిన తాతా. మనోడే."

నేనట్లే యనుకొంటిని. నిద్దురవేళ తలుపు బాది తగవునకు వచ్చువాడు దాయాది గాక మరెవ్వడు?