సొంత మూట స్వామికి స్తోత్రం

సొంత మూట స్వామీ, లైనక్స్ లోకంలో నిన్ను మించిన అభిమానధనుడు లేడు. సిస్టమ్ వడ్డించిన లైబ్రరీని ముట్టవు; యాప్‌కు కావలసినవన్నీ నీ మూటలోనే కట్టుకొస్తావు. మా మాచర్ల చెన్నకేశవుడి భక్తుడు బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. ఆ పంక్తికి నువ్వొస్తే పొయ్యి, బియ్యం, నీళ్లు మోసుకొచ్చి ఓ మూల విడిగా వండుకుంటావు. ఎంత మడి!

ప్రోగ్రాములన్నిటికీ ఆధారమైన జీలిబ్‌సీ లైబ్రరీ కొత్త వెర్షన్ లేదని పాత ఉబుంటు మొరాయించినప్పుడు ఆదుకునేదీ నువ్వే. అందుకు మనసారా మొక్కుతాను. ఫ్లాట్‌పాక్ మూట రూపంలో కాస్త దిగివచ్చి, ఉమ్మడి లైబ్రరీల కట్ట అయిన రన్‌టైమ్‌ను మిగతా యాప్‌లతో పంచుకుంటావు కూడా. ఎలక్ట్రాన్ అవతారమెత్తితే మాత్రం నీ వైభవానికి హద్దుండదు. చిన్న చాటింగ్ కిటికీ కోసం క్రోమియం బ్రౌజర్ మొత్తాన్ని వెంట తెస్తావు. ఐదు యాప్‌లకు ఐదు క్రోమియంలు! ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుకునే మాచర్ల విద్యార్థి ఆ రోజు డేటా అంతా నీకే నైవేద్యం.

నీ విశ్వాసం ఇంకా గొప్పది. 2023 సెప్టెంబరులో, వెబ్‌పీ బొమ్మలను చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో సీవీఈ-2023-4863 లోపం బయటపడింది. కావాలని తయారుచేసి పంపిన ఒక్క బొమ్మతో దుండగుడు తన కోడ్ నడిపించగల లోపమది. డెబియన్ ఆ లైబ్రరీ ప్యాకేజీని సరిచేస్తే, దాన్ని పంచుకునే ప్రోగ్రాములు మళ్లీ తెరవగానే బాగుపడ్డాయి. నీ మూటల్లోని ప్రతులు మాత్రం, కట్టినవాడు విప్పి మళ్లీ కట్టేదాకా ఆ లోపాన్ని పదిలంగా కాపాడాయి. కట్టినవాడు ప్రాజెక్టు వదిలి వెళ్లిపోయిన చోట ఇప్పటికీ కాపాడుతూనే ఉంటాయి.

ఇక తెలుగు మీద నీ దయ. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం, లోపల కంటికి కనబడని ఒక గుర్తు చేరినప్పుడు, ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసింది. అక్షరాలు పేర్చే పని అక్కడ సిస్టమ్‌ది కాబట్టి ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో ఆ బాధ తీరింది. లైనక్స్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ లైబ్రరీ. సిస్టమ్‌లో ఒకటి ఉంటుంది, ఫైర్‌ఫాక్స్ లోపల ఇంకొకటి, ఎలక్ట్రాన్ యాప్‌కొకటి. రేపు మన వత్తుల దగ్గర తేడా వస్తే సిస్టమ్‌లో దిద్ది ఊరుకుంటే చాలదు. తెలుగు సరిగా కనబడటం లేదని ఒక్కచోట చెప్పి ఒప్పించడమే గగనమయ్యే మాకు, అదే మాట యాప్ యాప్‌కీ తిరిగి విన్నవించుకునే భాగ్యం నువ్వు తప్ప ఎవరిస్తారు తండ్రీ!