నన్ను ఆనుకుని తొక్కుతారు

నేను రోడ్డెక్కని సైకిల్‌ను. వీపు ఆనించుకునే కుర్చీ, దానికి ముందు పెడళ్లు, ప్లాస్టిక్ తొడుగు లోపల తిరిగే ఒక బరువైన చక్రం, ఇంతే నా ఒళ్లు. దుకాణంలో నా పేరు రికంబెంట్ బైక్. సిద్దిపేట నుంచి ట్రాలీ ఆటోలో మిరుదొడ్డికి వచ్చి ఒక ఇంటి ముందరి అర్రలో షాబాదు బండల మీద కుదురుకున్నాను. ఇక్కడ నా మీద ఉన్న అభియోగం ఒక్కటే: "కూసొని తొక్కితె కసరత్తెట్లయితది?" బరువు మోయడాన్నీ శ్రమపడటాన్నీ ఒకటిగా లెక్కగట్టడం వల్ల పుట్టిన ప్రశ్న ఇది. పొలం పనిలో ఆ రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయి కనుక అలా లెక్కగట్టడం సహజమే. నన్ను తయారుచేసిందే ఆ రెండింటినీ విడదీయడానికి.

మా వంశం చిన్నదేమీ కాదు. కీళ్లకూ కండరాలకూ ఇంట్లోనే పని చెప్పే జిమ్నాస్టికాన్ అనే యంత్రానికి 1796లోనే ఇంగ్లండులో ఫ్రాన్సిస్ లౌండెస్ పేటెంట్ తీసుకున్నాడు. వెనక్కి వాలి తొక్కే పద్ధతికి పేరు మాత్రం ఫ్రాన్స్‌లో వచ్చింది. అక్కడ షార్ల్ మోషే చేసిన వాలు సైకిల్ మీద ఫ్రాన్సిస్ ఫోర్ 1933 జులై 7న గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నుంచి నిలిచి ఉన్న రికార్డును బద్దలు కొట్టాడు. మరుసటి ఏడే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం అలాంటి సైకిళ్లను పోటీల నుంచి తప్పించింది. గెలిచిందని వెలి వేశారన్నమాట! నిజానికి ఆ గెలుపులో ఎక్కువ వాటా గాలిది. వాలి కూర్చుంటే ఎదురుగాలి తక్కువ తగులుతుంది. ఈ అర్రలో ఎదురుగాలి లేదు, కాబట్టి ఆ కీర్తి నాకు చెల్లదు. ఆనుకుని కూర్చున్నవాడి కాళ్లు సోమరి కాళ్లు కానక్కర్లేదని మాత్రం ఆ రోజే తేలిపోయింది.

నా మీద ఎంత శ్రమ పడాలో తేల్చేవి రెండే: పెడల్ ఎంత బరువుగా ఉందన్నది, నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందన్నది. నాబు తిప్పితే లోపలి అయస్కాంతాలు చక్రానికి దగ్గరవుతాయి. తిరిగే లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి దాన్ని వెనక్కి లాగుతాయి. ఏదీ దేన్నీ తాకదు, కాబట్టి అరుగుదల లేదు, చప్పుడు లేదు. నాలాంటి నాబు రకానికి కరెంటుతోనూ పని లేదు. చిన్న తెరకు బ్యాటరీలు చాలు. కూర్చునే తీరు ఒంటి బరువు ఎక్కడ పడాలో చెబుతుందే గానీ తొడలు ఎంత పని చేయాలో చెప్పదు. మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు కొన్ని రెట్ల ఒత్తిడి పడుతుంది. నా మీద ఆ బరువును కుర్చీ మోస్తుంది, మోకాలికి పెడల్ తోసే పనే మిగులుతుంది. దుబ్బాక వైపు గుంటమగ్గం ముందు కూర్చుని కాళ్లతో తొక్కుతూ చీర నేసే మనిషిని చూసి, కూర్చున్నాడు గనుక పని చేయలేదని ఎవరూ అనరు కదా!

కూర్చోవడమే రోగమని డాక్టర్లు చెబుతుంటే మళ్లీ కూర్చోబెట్టడమేమిటన్నది ఇంతకంటే గట్టి ఆక్షేపణ. 1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించి, కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సు మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని చూపింది. ఆ తర్వాత యూనిఫాం కొలతలు తీసి, డ్రైవర్లు చేరిన నాటి నుంచే నడుం లావువారని కూడా అదే బృందం చెప్పింది. అంటే నేరం మొత్తాన్నీ సీటు మీద వేయలేం. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే మనిషి వేళ్లు పరుగెడుతూనే ఉంటాయి, తొడలు మాత్రం నిద్రపోతాయి. నష్టమంతా ఆ నిద్రలో ఉంది. పెద్ద కండరం కదిలితే ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క చెప్పాక, తొడలకు పని చెప్పడం పట్నం సరదా అనడం కుదరదు. ఇన్సులిన్ తీసుకునేవారు, చక్కెర బాగా దించే మాత్రలు వేసుకునేవారు మాత్రం ముందు డాక్టర్‌ను అడగాలి. ఛాతీలో నొప్పి వస్తే అక్కడికక్కడే ఆపాలి.

అయితే ఈ సుఖం నన్ను సరిగ్గా బిగించినప్పుడే. పెట్టె విప్పగానే చాలామంది తప్పేది ఎడమ పెడల్ దగ్గర. దానిది తిరగబడిన మర. గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితేనే బిగుస్తుంది. తొక్కుతుంటే తనంతట తాను ఊడిపోకూడదని చేసిన ఏర్పాటది. ఎల్, ఆర్ గుర్తులు చూసి మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పాలి. స్పానర్‌తో మొండికేస్తే లోపలి మర చెడి, పెడల్‌ను పట్టి ఉంచే చేయినే (క్రాంక్) మార్చాల్సి వస్తుంది. బండలు ఎగుడుదిగుడుగా ఉంటే కాళ్ల కింది తొడుగులు తిప్పి నా ఊగుడు ఆపాలి. ఇక సీటు. మడమతో పెడల్‌ను దూరపు చివరికి తోసినప్పుడు కాలు దాదాపు చక్కగా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలి దగ్గర 25 నుంచి 35 డిగ్రీల వంపు మిగులుతుంది. సీటు మరీ దగ్గరైతే మోకాలిచిప్ప మీద ఒత్తిడి, మరీ దూరమైతే నడుము జారుతుంది. పొట్టి అత్తా పొడుగు కోడలూ ఒకే రంధ్రంలో సీటు పెట్టుకుని తొక్కి, సైకిల్ మంచిది కాదంటే నేనేం చేయను? బరువు ఎంత పెట్టాలో ఊపిరే చెబుతుంది: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. తెర మీది కేలరీలను నమ్మొద్దు. ఎక్కిన మనిషి బరువెంతో అడగకుండానే లెక్క చెప్పేస్తుంది.

పొలం పోయేవారికి ఇదెందుకంటే, నాట్లూ కలుపూ ఏడాది పొడుగునా ఉండవు. కోత మిషన్‌కు, దున్నకం ట్రాక్టర్‌కు పోయాయి. పొలం దాకా బండి మీదే వెళ్తున్నారు. వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట అన్ని వారాలకూ వర్తిస్తుంది. నడక ఉచితమే కదా అంటే, నడవగలిగినవారు నడవాల్సిందే. ఎముకకు కావలసిన బరువు నడకలో ఉంది, నాలో లేదు. మోకాళ్లరిగి నడక సాగనివారికీ, పడతానన్న భయం ఉన్నవారికీ, ఎండాకాలం మధ్యాహ్నానికీ నేను. అరిగిన మోకాలికి తగిన వ్యాయామం మొదటి చికిత్సల్లో ఒకటని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒంటి నిలకడ మాత్రం నా మీద రాదు, ఎందుకంటే పడనివ్వకపోవడమే నా గుణం. అరవై అయిదు దాటినవారికి నిలకడ పెంచే కసరత్తు వారానికి మూడు రోజులైనా విడిగా ఉండాలి. నా మీద నుంచి దిగాక, గోడ పట్టుకుని కాసేపు ఒంటికాలి మీద నిలబడితే ఆ పని మొదలైనట్టే.